క్షమాభిక్షకు అందని బండి బాట

మొన్న కోర్టుకు వెళ్ళాను. పనేమీ లేదు. లాయరుకు రిటైర్మెంటు అంటూ ఉండదు, మోకాళ్ళు మెట్లెక్కం అన్న రోజే రిటైర్మెంటు. నాకు ఆ రోజు వచ్చి రెండేళ్ళయింది. అయినా నెలకోసారి బార్ రూముకు వెళ్ళి, అక్కడి నీళ్ళ టీ తాగి, ఇది బాగాలేదని తిట్టి రాకపోతే తోచదు.

ఆ టీ తాగుతుంటేనే, ఈ ఏడే నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి అడిగింది. "మేడమ్, గవర్నర్ గారో రాష్ట్రపతి గారో క్షమాభిక్ష పెట్టారనుకోండి, ఇంక అంతా తుడిచిపెట్టుకుపోయినట్టే కదా?"

పక్కనున్న ఇద్దరు ముగ్గురు "అంతే కదా" అన్నారు. నేను మాత్రం "అన్నీ పోతాయి గానీ, ఒక బండి బాట మాత్రం పోదు" అన్నాను. అందరూ నవ్వారు. పెద్దావిడ కదా, ఏదో అంటుందిలే అనుకున్నట్టున్నారు. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకు బాగా గుర్తుండిపోయింది. ఇరవై ఏళ్ళ కిందటైతే నేనూ అలాగే నవ్వేదాన్ని. అందుకే, కొత్తగా నల్లకోటు వేసుకున్న మీకోసం ఇది రాస్తున్నాను.

నర్సీపట్నం కోర్టుల్లో ముప్పై ఆరేళ్ళు ముద్దాయిల తరఫున వాదించాను. లాయరుకు ప్రమోషన్లు లేవు కాబట్టి ఆ భాగోతం మీకు తప్పింది. ప్రాక్టీసు మానేసినప్పుడు ఫైళ్ళన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను. నా బీరువాలో మిగిలినవి రెండే కాగితాలు. ఒకటి ఎర్ర పెన్సిల్ గీతలున్న డ్రాఫ్టు. రెండోది లామినేషన్ చేయించిన ఒక ప్రభుత్వ ఉత్తర్వు. ఈ రెండూ ఒకే కేసువి. ఆ కేసు సంగతికి వచ్చేముందు, అంతకన్నా ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

ఒప్పుకో, కట్టు, పో

లోక్ అదాలత్ రోజు మీరు చూసే ఉంటారు. చిన్న కేసులవాళ్ళందరినీ వరసగా నిలబెడతారు. "ఒప్పేసుకోండి, ఫైను కట్టి ఇంటికి పోండి" అని కానిస్టేబులు చెప్తాడు, బెంచి క్లర్కు చెప్తాడు, ఆఖరికి మనమూ చెప్తాం. అందరికీ మంచిదే అనిపిస్తుంది. కేసు తెగుతుంది, వాయిదాల బాధ తప్పుతుంది, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోవచ్చు.

ఎస్. రాయవరం వైపు ఒక ఊళ్ళో కల్వర్టు కూలిపోతే బాగుచేయమని జనం రోడ్డు మీద కూర్చున్నారు. ఇరవై మంది మీద కేసు పెట్టారు. అందులో నర్సు చదువు అప్పుడే పూర్తిచేసిన వరలక్ష్మి అనే అమ్మాయి ఉంది. వాళ్ళమ్మకు తోడుగా వెళ్ళి కూర్చుంది, అంతే. అదాలత్ రోజు ఊళ్ళో నాట్లు పడుతున్నాయని మిగతావాళ్ళెవరూ రాలేదు. ఈ అమ్మాయి ఒక్కతే బుద్ధిగా వచ్చింది. ఒప్పేసుకోమన్నాను. ఒప్పుకుంది. ఫైను కట్టింది. నాకు రెండు చేతులా దండం పెట్టి వెళ్ళింది.

తర్వాత ప్రభుత్వం ఆ కేసును వెనక్కి తీసుకుంది. రాని పంతొమ్మిది మందీ ఏ మచ్చా లేకుండా బయటపడ్డారు. వరలక్ష్మి మాత్రం శిక్షపడిన మనిషిగా మిగిలిపోయింది. ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగానికి ఎంపికైతే, పోలీసు విచారణలో ఇది బయటపడి ఉద్యోగం పోయింది. గవర్నర్ గారికి క్షమాభిక్ష అర్జీ రాశాను. ఎంత బాగా రాశానో నాకే తెలుసు. ఫైను ఎప్పుడో కట్టేశారు కాబట్టి తగ్గించడానికి శిక్షేదీ మిగల్లేదని జవాబొచ్చింది. వాళ్ళు అన్నదాంట్లో తప్పు లేదు. తను పెట్టిన కేసును ప్రభుత్వం వెనక్కి తీసుకోగలదు గానీ, మనం నోటితో ఒప్పుకున్నదాన్ని వెనక్కి ఇవ్వడం ఎవరికీ అంత తేలిక కాదని నాకు అప్పుడు తెలిసింది.

వరలక్ష్మి అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. కొన్నేళ్ళకు నేను అక్కడికే చూపించుకోడానికి వెళితే నా బీపీ ఆ అమ్మాయే చూసింది. "ఎక్కువుంది మేడమ్, టెన్షన్లు పెట్టుకోకండి" అంది. ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే నా బీపీ కొంచెం తగ్గేదేమో.

ఆ తర్వాత నుంచి, ముద్దాయి చేత ఏదైనా ఒప్పించేముందు నేను రెండుసార్లు ఆలోచించడం మొదలుపెట్టాను. రెండుసార్లు ఆలోచించినా సరిపోదని చెప్పే కేసు తర్వాత వచ్చింది.

సన్యాసికి రాజీ వద్దు

రావికమతం దాటి కొంచెం లోపలికి వెళితే ఒక ఊరు. అక్కడ అప్పలనాయుడు, సన్యాసి అని ఇద్దరు పక్కపక్క పొలాల రైతులు. ఇద్దరివీ చెరకు తోటలే. సన్యాసికి తోట వెనకాల చిన్న బెల్లం గానుగ కూడా ఉంది. తను పండించిందే కాకుండా ఊళ్ళో పదిమంది చెరకూ అక్కడే ఆడి బెల్లం వండుతాడు. చిక్కేమిటంటే రోడ్డు అప్పలనాయుడి పొలం వైపు ఉంది. చెరకు బండి గానుగకు చేరాలంటే అప్పలనాయుడి గట్టు వెంట పోవాలి. వాళ్ళ నాన్నల కాలం నుంచీ అలాగే పోతున్నాయి. కాగితమేమీ లేదు.

అప్పలనాయుడు బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. నీళ్ళు పడ్డాక జానెడు నేల కూడా వదలబుద్ధి కాలేదు. బాట మూసేశాడు. మాటా మాటా పెరిగింది. కర్ర తీసి కొట్టాడు. సన్యాసి కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

బెల్లం వండేవాడికి కుడిచెయ్యి అంటే ఏమిటో మీకు తెలియకపోవచ్చు. పెనంలో పాకం పొంగుతున్నప్పుడు తెడ్డు ఆపకుండా తిప్పాలి. కొంచెం పాకం తీసి నీళ్ళలో వేసి, వేళ్ళతో చూసి, ఇదీ అదను అనుకున్న క్షణాన దించాలి. ముందు దించితే దిమ్మ గట్టిపడదు, ఆలస్యమైతే మాడుతుంది. సన్యాసి చేతికి ప్లేటు వేశారు గానీ మణికట్టు తిరగడం మానేసింది. ఇప్పుడు అతను చూసి చెప్తే, అతని భార్య రాజులమ్మ తెడ్డు తిప్పుతుంది.

అప్పలనాయుడు నా దగ్గరికొచ్చాడు. "నానేటీ సెయ్యనేదమ్మగారూ, ఆడే గట్టు మీంచి పడిపోనాడు" అన్నాడు. ముప్పై ఆరేళ్ళలో నా దగ్గరికొచ్చిన కేసుల్లో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అందరూ వాళ్ళంతట వాళ్ళే పడిపోయారు. అందుకని ఆ మాట పట్టించుకోకుండా కాగితాలు చూశాను. చూసినవాళ్ళు ముగ్గురున్నారు, కర్ర దొరికింది, ఎక్స్‌రే ఉంది. ఏడేళ్ళ దాకా జైలు పడగల నేరం.

రాజీ చేద్దామనుకున్నాను. ఇలాంటి కేసులో దెబ్బతిన్నవాడు ఒప్పుకుని, కోర్టు సరేనంటే, కేసు కొట్టేస్తారు. కోర్టు వరండాలో సన్యాసిని కూర్చోబెట్టి, వైద్యం ఖర్చులూ ఆపై నష్టపరిహారమూ ఇప్పిస్తానని చెప్పాను. అతను నా మాటంతా విని అడిగాడు.

"రాజీ అయితే కేసు కొట్టేత్తారు కదండీ?"

"అవును."

"కొట్టేత్తే ఆడు నన్ను కొట్టనట్టే కదండీ. మరి నా సెయ్యి ఎవులిరగ్గొట్టినట్టు?"

నేను చేతిలోని కాగితాలు మడిచి పక్కన పెట్టాను.

"నాకు డబ్బొద్దమ్మగారూ. నానే కొట్టినానని ఆడు ఆడి నోటితో జడ్జిగారి ముందు సెప్పాల. నా బాట నాకిచ్చీయాల. ఇంకేటీ అడగను."

రాజులమ్మ పక్కనుంచి "ఆడి డబ్బు మాకొద్దు" అని ఇంకోసారి చెప్పింది, నాకు వినబడలేదేమోనని.

అప్పుడు నాకు ప్లీ బార్గెయినింగ్ గుర్తుకొచ్చింది. మా బార్‌లో దాన్ని బేరం కేసు అనేవారు. ముద్దాయి నేరం ఒప్పుకుంటాడు. బాధితుడూ, ప్రాసిక్యూటరూ, పోలీసూ కూర్చుని అందరికీ సమ్మతమైన ఒప్పందం రాసుకుంటారు. శిక్ష తగ్గుతుంది. మా కోర్టులో అప్పటికి ఎవరూ పెద్దగా వాడని దారి అది. సెక్షన్ల నంబర్లు ఈమధ్య మారాయి, కొత్త పుస్తకం మీ దగ్గరుంది, చూసుకోండి. నంబర్లు మారినా ఒకటి మారలేదు. ఆ తీర్పు మీద మామూలు అప్పీలు లేదు. సంతకం పెట్టాక వెనక్కి రావడం ఉండదు.

ఇలాంటి అర్జీ పెట్టినప్పుడు అవతలి పక్షాన్ని బయటికి పంపి, ముద్దాయి ఇష్టపడే ఒప్పుకుంటున్నాడా అని జడ్జిగారు స్వయంగా అడుగుతారు. అప్పలనాయుణ్ణి అడిగారు.

"నిన్నెవరైనా బలవంతపెట్టారా?"

"పెట్టినారండి. మా లాయరమ్మగారే."

జడ్జిగారు నావైపు చూశారు.

"ఎలా బలవంతపెట్టారు?"

"కొట్టినావా, కొట్టినావా అని రోజూ అడిగీవారండి. నిజం సెప్పు, నిజం సెప్పు అనీవారు. పడిపోనాడు అంటే ఇనీవారు కాదు."

జడ్జిగారు నవ్వు దాచుకుంటూ కాసేపు కాగితాల్లోకి చూశారు. తర్వాత మెల్లగా, "మరి కొట్టావా?" అన్నారు.

అప్పలనాయుడు భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. "కొట్టినానండి" అన్నాడు ఆఖరికి. అప్పటిదాకా ఆ మాట అతను నాతో కూడా అంత స్పష్టంగా అనలేదు.

ఎర్ర పెన్సిల్

మా సీనియరు గారు బతికున్న రోజుల్లో ఒక నమూనాల నోటుబుక్కు నాకిచ్చారు. అన్ని రకాల అర్జీలకూ ఒక్కో నమూనా. ఆయన చేతిరాత ముత్యాలకోవే గానీ, ఆ పుస్తకం చాలామంది జూనియర్లను పాడుచేసింది, వాళ్ళలో నేను మొదటిదాన్ని. ఆలోచించాల్సిన చోట ఎత్తిరాయడం అలవాటైపోయింది. మీకిప్పుడు నోటుబుక్కు బదులు కంప్యూటరుంది. రోగం మాత్రం అదే.

ఒప్పందం డ్రాఫ్టు అలాగే రాశాను. నష్టపరిహారం గురించిన పాత నమూనా ఒకటి పట్టుకుని, పరిహారం అన్నచోట బాట అని మార్చాను. ఒక వాక్యం ఇలా వచ్చింది: "సదరు శిక్షలో భాగంగా ముద్దాయి తన భూమి గుండా బాధితునికి శాశ్వతముగా బండి బాట వదులుటకు అంగీకరించినాడు." చదువుకుంటే గంభీరంగా ఉంది. దాన్ని ప్రాసిక్యూటరు విశ్వనాథం గారి గదికి పట్టుకెళ్ళాను.

విశ్వనాథం గారు నాకు పాతికేళ్ళు ఎదటి పక్షం. నా సాక్షుల్ని బెదరగొట్టేవారు, నా బెయిలు అర్జీలకు అడ్డుపడేవారు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిల్ ఉండేది. ఆ పెన్సిల్ అంటే నాకు ఒళ్ళు మండేది. ఆయన చదివి, "సదరు శిక్షలో భాగంగా" అన్న మూడు మాటల్నీ అడ్డంగా కొట్టేశారు.

"ఆ మూడు మాటలు మిమ్మల్నేం చేశాయండీ?" అన్నాను.

"శిక్షను తగ్గించే అధికారం ఎవరికుందమ్మా?"

"ప్రభుత్వానికుంది. గవర్నర్ గారికుంది."

"రేపు ఆయన శిక్ష తీసేశారనుకో, శిక్షలో భాగం ఏమవుతుంది?"

నేను నవ్వాను. "ఈ అప్పలనాయుడి కోసం గవర్నర్ గారు సంతకం పెడతారాండీ?"

"ఒక్కడి కోసం పెట్టరు. ఏ పండగకో నలుగురితోపాటు పెడతారు. అప్పుడు సన్యాసి బండి ఎటు పోవాలి?" అని, "బాట ప్రభుత్వానికి ఇస్తున్నాడా, పక్కవాడికి ఇస్తున్నాడా? పక్కవాడికి ఇచ్చేది పక్కవాడి పేరునే రాయి. తీర్పులో సంగతి ఉండనీ. దస్తావేజు మాత్రం విడిగా రాయించి రిజిస్టరు చేయించు. కేసుతో ముడి పెట్టకు" అన్నారు.

నేను విసుక్కుంటూనే రాశాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. సర్వేయరు కోసం ఎండలో నిలబడ్డాను. అప్పలనాయుడు నాతోపాటే తిరుగుతూ "ఇదంతా బేగి తెగదేటండీ?" అని గొణిగేవాడు. నేనూ మనసులో పెన్సిలాయన్ని తిట్టుకున్నాను.

తీర్పు రోజున అప్పలనాయుడు అందరి ముందూ బోనులో నిలబడి, "సన్యాసిని నానే కొట్టినానండి, సెయ్యి ఇరగ్గొట్టినాను" అన్నాడు. కోర్టు హాలు నిండా వాళ్ళ ఊరివాళ్ళే. సన్యాసి కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఎడమచేత్తో తుడుచుకున్నాడు. ఒక మనిషి బతుకుదెరువుకు ఆధారమైన చెయ్యి పోయింది కాబట్టి ఊరికే వదలలేనని చెప్పి, జడ్జిగారు ఏడేళ్ళలో నాలుగో వంతు, అంటే ఇరవై ఒక్క నెలల జైలు వేశారు. అప్పలనాయుణ్ణి తీసుకెళ్ళారు. సన్యాసి బళ్ళు మళ్ళీ నడిచాయి.

రిపబ్లిక్ డే తర్వాత

ఏడాది పైన గడిచింది. జనవరిలో రిపబ్లిక్ డేకి కొంతమంది ఖైదీలకు మిగిలిన శిక్ష తగ్గించి, గవర్నర్ గారి ఉత్తర్వుతో ప్రభుత్వం విడుదల చేసింది. నడవడిక బాగున్నవాళ్ళ జాబితాలో అప్పలనాయుడి పేరు ఉంది. విశ్వనాథం గారు చెప్పినట్టే, నలుగురితోపాటు.

వారం తర్వాత మా ఇంటికొచ్చాడు. సగం మనిషయ్యాడు. చేతిలో ఉత్తర్వు జిరాక్సు ఉంది, దాన్ని లామినేషన్ కూడా చేయించాడు. నా టేబుల్ మీద పెట్టి రెండు చేతులతో చదును చేశాడు.

"సూడండమ్మగారూ, గవర్నర్ గారే ఒగ్గీసినారు. ఇంక బాటేటి, ఉంటాదేటి? కోర్టులో ఆ మాటొకటి రాసి పడీయండి."

"బాటకేమైంది?"

"దున్నీసినాను. ముచ్చెలు కూడా ఏసీసినాను."

ముచ్చెలంటే నాటడానికి నరికిన చెరకు ముక్కలు. గానుగలు నిండుగా ఆడే రోజులవి. నరికిన చెరకు రెండ్రోజులు ఎండలో పడుంటే రసం తగ్గిపోతుంది, బెల్లం రంగు పోతుంది. సన్యాసి చెరకూ, అతన్ని నమ్ముకున్నవాళ్ళ చెరకూ ముందురోజు నుంచీ బళ్ళ మీద రోడ్డు పక్కనే ఉందట. ఇంకొక్క రోజు ఆగితే ఊళ్ళోవాళ్ళు వేరే గానుగ చూసుకుంటారు. ఒకసారి పోయినవాళ్ళు మళ్ళీ రారు. చెయ్యి పోయినా నిలబెట్టుకున్న గానుగ బాట లేక మూతపడుతుంది.

ఫైలు తీశాను. పై కాగితం ఆ ఎర్ర పెన్సిల్ డ్రాఫ్టే. కొట్టేసిన మూడు మాటలు గీత కిందనుంచి చక్కగా కనిపిస్తున్నాయి. అవి అలాగే ఉండి ఉంటే, శిక్షతోపాటు బాటా పోయిందని వాదించడానికి అప్పలనాయుడికి మంచి దారి దొరికేది. తెగేదాకా ఏళ్ళు పట్టేది. ఈలోగా సన్యాసి గానుగ పొయ్యి చల్లారిపోయేది. అది కూడా నా బద్ధకం వల్ల.

అతనికి ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పేశాను. నేను ముందు ఏం రాశానో, ఆయన ఏం కొట్టేశారో, వేలు పెట్టి చూపించాను.

అప్పలనాయుడు చాలాసేపు ఆ గీతలనే చూశాడు. "అయితే తవరు రాసిందే ఉంచీసుంటే నా నేల నాకుండీది కదండీ. తవరు నా లాయరు కదా" అన్నాడు.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. "ఉండేదేమో. కానీ నువ్వు బాట ఇస్తేనే శిక్ష తగ్గింది. తగ్గింది తీసుకుని, ఇచ్చింది లాక్కుంటే అది బేరం కాదు, మోసం. అది నేను నీకోసం కూడా చెయ్యను" అన్నాను.

"గవర్నర్ గారికన్నా పెద్దోడేటండీ సన్యాసి?"

"ఈ ఒక్క విషయంలో పెద్దోడే. నువ్వు ప్రభుత్వానికి బాకీపడింది జైలు. అది ఆయన వదిలేశారు. బాట సన్యాసికిచ్చావు. అది వదిలేయడం సన్యాసి చేతిలోనే ఉంది. కావాలంటే వెళ్ళి అడుగు."

అతను టీ తాగడానికి బయటికి వెళ్ళినప్పుడు విశ్వనాథం గారికి ఫోను చేశాను. ఆయన అప్పటికే రిటైరై పాయకరావుపేటలో ఉంటున్నారు. విషయమంతా చెప్పి, "మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదండీ" అన్నాను.

"ఏ బాటమ్మా?" అన్నారు.

మళ్ళీ చెప్పాను. ఆయనకు కేసు గుర్తులేదు. అప్పలనాయుడు గుర్తులేడు, సన్యాసీ గుర్తులేడు. "ఎర్ర పెన్సిలా? నేను అందరివీ కొట్టేసేవాణ్ణి కదమ్మా" అని నవ్వి, నా మోకాళ్ళ గురించి అడిగారు. నేను ఫోను పెట్టేశాను. నాకు జీవితాంతం గుర్తుండే మేలు ఆయనకు రోజువారీ పని. నేను అంత శ్రద్ధగా పనిచేసిన రోజులు ఎన్నున్నాయా అని లెక్కపెట్టుకోబోయి, మానేశాను.

దున్నిన నేల

"తవరు కూడా రండమ్మగారూ" అన్నాడు అప్పలనాయుడు తిరిగొచ్చి. ఒంటరిగా వెళ్ళడానికి మొహం చెల్లలేదు. లాయరు క్లయింటు వెంట పొలాలకు పోకూడదని మీకు చెప్తాను. నేను మాత్రం ఆటో ఎక్కాను.

రోడ్డు పక్కన నాలుగు బళ్ళు చెరకుతో నిలబడి ఉన్నాయి. ఎడ్లు విప్పేసి ఉన్నాయి. బాట ఉండాల్సిన చోట ఎర్రగా దున్నిన చాళ్ళు. మేం పక్క గట్టు మీంచి నడిచి వెళ్ళాం. గానుగ దగ్గర పెనం కడిగి బోర్లించి ఉంది. రాజులమ్మ మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. సన్యాసి మాత్రం నాకు నులకమంచం వాల్చాడు.

అప్పలనాయుడు కూర్చోలేదు. "గవర్నర్ గారు నన్నొగ్గీసినార్రా సన్యాసీ" అన్నాడు కాగితం చూపిస్తూ.

"ఇన్నాను. మంచిదే. మీ ఇంటిదానికి రేత్రుళ్ళు నిద్దరనేదంట. రాజులమ్మ సెప్పీది."

అప్పలనాయుడు ఆ మాటకు సిద్ధపడి రాలేదు. "నువ్వు కూడా ఒగ్గీయరా. బాట. నీకు దండం పెడతాను. నాకున్నదే అంత నేల."

సన్యాసి తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నొక్కుకుంటూ చెప్పాడు. "అప్పలనాయుడూ, కోర్టులో పదిమంది ముందు నువ్వొక మాటన్నావు. సన్యాసిని నానే కొట్టినానన్నావు. ఆ మాట నాకు ఈ బాటకన్నా ఎక్కువరా. ఆ రోజు నుంచీ నాను నిద్దరోతన్నాను. ఇప్పుడు ఆ మాట ఎనక్కి తీసుకుంటావా? కొట్టనేదు, సన్యాసే పడిపోనాడు అని మల్లీ అంటావా? అను. అంటే బాట కూడా తీసుకుపో. నాను ఏ కోర్టుకీ రాను."

రాజులమ్మ కూడా ఇటు తిరిగి చూస్తోంది. అప్పలనాయుడు ఆ ఒక్క అబద్ధం ఆడితే చాలు, ఏ గవర్నరూ ఇవ్వలేనిది అతనికి దక్కేది. నేను అతని లాయర్ని. అయినా అనకూడదని మనసులో దండం పెట్టుకున్నాను.

"ఎలాగంటాన్రా?" అన్నాడు చివరికి. "కొట్టినాను కదా."

తన చేతిలోని ఉత్తర్వు నాకిచ్చి, "ఇది పట్టుకోండమ్మా" అని చాళ్ళలోకి దిగాడు. వంగి, తను నాటిన ముచ్చెల్ని ఒక్కొక్కటే పీకి గట్టు మీదకు విసరడం మొదలుపెట్టాడు. కాసేపటికి రాజులమ్మ వెళ్ళి రెండో చాలులో వంగింది.

మొదటి బండికి ఎడ్లను కట్టారు. దున్నిన నేల కదా, సగం దూరం వచ్చేసరికి చక్రాలు కూరుకుపోయాయి. తను దున్నిన దుక్కిలో దిగబడిన చక్రానికి అప్పలనాయుడు భుజం ఆనించాడు. రెండో చక్రం దగ్గర సన్యాసి, ఎడమచేత్తో. "ఊఁ, తొయ్యి" అన్నాడు సన్యాసి. బండి కదిలింది. రెండేళ్ళలో ఆ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అది. నేను గట్టు మీద నిలబడి, గవర్నర్ గారి క్షమాభిక్ష ఎండకు అడ్డంగా పట్టుకుని, నాలుగు బళ్ళూ గానుగకు చేరేదాకా చూశాను. ఏడ్చాను కూడా, అందులో దాచుకోడానికేముంది.

నా వృత్తిలో గొప్పగా చెప్పుకోదగ్గ గెలుపులు నాకు లేవు. నన్ను తిట్టని వరలక్ష్మికీ, నాకు అడ్డుపడ్డ పెన్సిలాయనకూ, అబద్ధం చెప్పలేకపోయిన నా ముద్దాయికీ రుణపడి ఉన్నాను. మీలో ఎవరైనా ఒప్పుకోలు కాగితం రాస్తున్నప్పుడు, ఇందులో ప్రభుత్వానికి చెందేదేది, పక్కవాడికి చెందేదేది అని ఒక్కసారి ఆగి చూసుకుంటే నాకంతే చాలు.

ఆ లామినేషన్ కాగితం తిరిగిచ్చేద్దామని తర్వాత రెండుసార్లు కబురు పెట్టాను. "తవరి దగ్గరే ఉండనీండి, సన్యాసి గానుగాడతంది, ఇప్పుడు కాళీ నేదు" అని అప్పలనాయుడు కబురు పంపాడు.